పెరట్లో 480 చదరపు అడుగుల ఇల్లు: లాస్ ఏంజెలెస్‌లో నా అనుభవం

లాస్ ఏంజెలెస్‌లో ఇళ్లకు కేటాయించిన నేలలో నాలుగింట మూడు వంతుల మీద దశాబ్దాల పాటు ఒకటే నియమం: ఒక స్థలం, ఒక కుటుంబం, ఒక ఇల్లు. అపార్ట్‌మెంట్లన్నీ మిగిలిన పావు వంతులోనే సర్దుకోవాలి. ఇక్కడి అద్దెలు సామాన్యుడికి అందకుండా పోవడానికి కారణాలు చాలా ఉన్నా, నేను మొదట చెప్పేది ఇదే. ఇంటింటికీ వెళ్లి వృద్ధులకు సేవ చేసే ఆయాలు, బడి బస్సులు నడిపే డ్రైవర్లు తాము పనిచేసే పేటలో ఒక గది కూడా దొరక్క, కొండలు దాటి గంటన్నర ప్రయాణం చేసి వస్తారు. అదే పేటలో ఇళ్ల వెనుక రెండు మూడు వేల చదరపు అడుగుల పెరళ్లు గడ్డి పెంచుకుంటూ పడి ఉంటాయి.

నేను ఆర్కిటెక్టుని. కొన్నేళ్లుగా ఆ పెరళ్లలో కట్టే చిన్న ఇళ్లే గీస్తున్నాను. ప్రభుత్వ కాగితాల్లో వీటి పేరు యాక్సెసరీ డ్వెల్లింగ్ యూనిట్, వాడుకలో ఏడీయూ. ఒకప్పుడు వీటికి అనుమతి తెచ్చుకోవడం గగనంగా ఉండేది. అదనంగా కారు నిలిపే చోటు చూపించాలి, సరిహద్దుల నుంచి బోలెడంత జాగా వదలాలి, కొన్ని ఊళ్లలో బహిరంగ విచారణకు వెళ్లి ఇరుగుపొరుగు అభ్యంతరాలకు జవాబు చెప్పుకోవాలి. కాలిఫోర్నియా శాసనసభ 2016లో చేసిన చట్టాలు మరుసటి జనవరిలో అమల్లోకి రావడంతో పరిస్థితి తిరగబడింది. 2016లో లాస్ ఏంజెలెస్ నగరం ఇచ్చిన ఏడీయూ పర్మిట్లు వందకు లోపే. 2017లో అవి రెండు వేలకు చేరువయ్యాయి. 2020 జనవరి నుంచి నిబంధనలను మరింత సడలించారు. పక్కన, వెనుక 4 అడుగులు వదిలి, 800 చదరపు అడుగులకు, 16 అడుగుల ఎత్తుకు లోబడి కట్టుకుంటామంటే ఏ నగరమూ కాదనడానికి వీల్లేదు. దరఖాస్తు సక్రమంగా ఉంటే 60 రోజుల్లో తేల్చాలి. నిబంధనలకు సరిపోయిందా లేదా అన్నదొక్కటే ప్రశ్న. అధికారి అభిరుచికీ పొరుగువారి ఇష్టాయిష్టాలకూ అందులో తావు లేదు. నా వృత్తిలో సామాన్యుడికి ఇంత మేలు చేసిన మార్పును ఇంకొకటి చూడలేదు.

అయితే చట్టం తలుపు తీసినంత మాత్రాన ఇల్లు లేవదు. ఆ మధ్యలో జరిగేదంతా ఇటీవల పూర్తయిన ఒక ఇంటిని పట్టుకుని చెబుతాను.

ఆ ఇల్లు శాన్ ఫెర్నాండో వ్యాలీలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నారింజ తోటలు కొట్టేసి వరసగా కట్టిన ఒక అంతస్తు ఇళ్ల పేట అది. ఇంటావిడ మన తెలుగావిడే, బ్యాంకు ఉద్యోగం చేసి రిటైరయ్యారు. భర్త పోయారు, పిల్లలు వేరే రాష్ట్రాల్లో స్థిరపడ్డారు. ఆమె నాకు అప్పగించిన పని చాలా స్పష్టంగా ఉంది.

“ముందు అద్దెకు ఇస్తానమ్మా. మోకాళ్లు మొరాయించిన రోజు నేనే అందులోకి మారతాను, పెద్దింట్లో ఏదైనా కుటుంబం ఉంటుంది. కాబట్టి నేను ఉండగలిగేలా గియ్యి.”

“అద్దెకు వచ్చే మనిషికీ అదే కొలబద్ద పెట్టుకుందామా ఆంటీ?”

“అందుకే కదా చెబుతున్నాను. నేను ఉండలేని ఇల్లు ఇంకొకరికి ఎలా ఇస్తాను?”

చాలామంది ఇంటివాళ్లు అద్దెకిచ్చే ఇంటిని ఒక కంటితో, తాముండే ఇంటిని ఇంకో కంటితో చూస్తారు. ఈ మాట దగ్గరే పని సగం తేలికైంది.

ఆమెకు భయాలూ ఉన్నాయి. పెరట్లో ఇల్లు కడితే మొత్తం ఆస్తికి ఇవాళ్టి ధర కట్టి పన్ను వేస్తారేమోనన్నది మొదటిది. అలా జరగదు. 1978 నాటి ప్రొపోజిషన్ 13 అనే ఆస్తిపన్ను చట్టం కింద పాత ఇంటి లెక్క పాతగానే ఉంటుంది, కొత్తగా కట్టిన భాగం విలువ మాత్రమే దానికి కలుస్తుంది. కారు నిలిపే చోటు చూపించమంటారేమోనన్నది రెండోది. బస్సు స్టాపు అర మైలు నడక లోపలే ఉంది కనుక ఆ అవసరం లేదు. తాను పిల్లల దగ్గరికి వెళ్లిపోతే అద్దె ఒప్పందం చెల్లదేమోనన్నది మూడోది. యజమాని అక్కడే ఉండి తీరాలన్న షరతును ఏ నగరమూ ఇలాంటి ఇళ్లకు పెట్టకూడదని 2023లో చేసిన చట్టం శాశ్వతంగా తేల్చేసింది.

ఉన్న గరాజ్‌నే ఇల్లుగా మారిస్తే చౌక కదా అని ఎవరైనా అడుగుతారు. నిజమే, చాలాచోట్ల అదే సరైన దారి. ఇక్కడ గరాజ్ ముందువైపు పెద్దింటికి అతుక్కుని ఉంది, ఆమెకు అది కావాలి. ఫ్యాక్టరీలో తయారుచేసిన ఇల్లు తెచ్చి దించుదామంటే పక్క సందు ఇరుకు, వెనుక వీధి వైపు కరెంటు తీగలు. అందువల్ల అక్కడికక్కడే కట్టడానికి నిర్ణయించాం.

నేను గీత గీయకముందు నేలలో ఉన్న మురుగు గొట్టం సంగతి చూస్తాను. ఈ ఇంటి విషయంలో ప్లాను మొత్తాన్ని నిర్ణయించింది అదే కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి. మురుగు దానంతటదే పారాలంటే గొట్టం ప్రతి అడుగుకూ పావు అంగుళం చొప్పున కిందికి వాలాలి. పెద్దింటి వెనుక గోడ దగ్గర గొట్టం శుభ్రం చేసే మూత ఉంది. ప్లంబరు దాన్ని విప్పి కెమెరా దించాడు. తెర మీద మట్టి గొట్టం, అతుకుల దగ్గర సన్నని వేళ్లు, వాటి వెనుక నీళ్లు మెరుస్తూ కనిపించాయి. వేళ్లను కోసేస్తే గొట్టం ఇంకా పనికొస్తుందని అతను చెప్పాడు. మూత లోపలికి టేపు వదిలి చూస్తే గొట్టం అడుగు నేలమట్టానికి 26 అంగుళాల లోతున తగిలింది.

ఇంటావిడ ఊహలో స్నానాల గది పెరటి చివరి మూలలో ఉంది. అక్కడికి గొట్టం దారి 64 అడుగులు. అంటే వాలుకే 16 అంగుళాలు పోతాయి, చివర మిగిలే లోతు 10 అంగుళాలు. నేల పలక, దాని కింద ఇసుక, ఆ కింద గొట్టం, పక్కనే పునాది, ఇవన్నీ 10 అంగుళాల్లో ఇమడవు. పంపు పెట్టి మురుగును ఎత్తిపోయవచ్చు. కానీ పంపు అంటే కొనుగోలు, కరెంటు, మరమ్మతు, అది మొరాయించిన రోజు పడే అవస్థ. ఒంటరిగా ఉండే పెద్దావిడ ఇంట్లో నేను దాన్ని కోరుకోను. స్నానాల గదిని పెద్దింటి వైపు మూలకు తెచ్చాను. దారి 40 అడుగులకు తగ్గింది, లోతు 16 అంగుళాలు మిగిలింది. వంటగదిని అదే గోడకు రెండో వైపున ఆనించాను. నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు, గాలి గొట్టం అన్నీ ఒక్క గోడలో ఇమిడిపోయాయి.

చిన్న ఇంటి ఖర్చు ఎక్కడుంటుందో ఇక్కడ తెలుస్తుంది. వంటగది, స్నానాల గది, కందకాలు, కరెంటు కనెక్షను ఇల్లు ఎంత చిన్నదైనా తప్పవు. అందుకే చదరపు అడుగు ధర చూస్తే చిన్న ఇల్లు పెద్దింటి కంటే ఖరీదుగా కనిపిస్తుంది. గది కొలతల్లో రెండు అడుగులు కోస్తే మిగిలేది కాస్త చెక్క, కాస్త సున్నం పని. గొట్టాన్ని 24 అడుగులు తగ్గిస్తే మిగిలేది అసలైన డబ్బు. ఇల్లు చవగ్గా రావాలంటే మనిషి కదిలే జాగాను కోయడం కంటే కందకాన్ని కోయడం మేలు.

480 చదరపు అడుగులు అనుకున్నది కూడా లెక్క చూసుకునే. 750 చదరపు అడుగుల లోపు ఏడీయూకి నగరాలు అభివృద్ధి రుసుములు వేయకూడదు. 500 దాటకపోతే బడుల కోసం కొత్త కట్టడాల మీద వేసే రుసుమూ ఉండదు. బయటి కొలత 20 అడుగులు, 24 అడుగులు.

ఆ లోపల ఎవరుంటారో తెలియకుండా గీయడం నాకు నచ్చదు. ఇంటావిడకు తెలిసిన ఒక ఆయా ఉంది. రాత్రిపూట ఒక వృద్ధుడి దగ్గర పనిచేసి పగలు నిద్రపోతుంది. ఇద్దరు మనుషులతో పంచుకున్న ఆమె గదికి అనుమతి అడిగి వెళ్లాను. మంచం కింద మూడు సూట్‌కేసులు, వాటి మీద దుప్పట్లు, తలుపు వెనుక మేకులకు యూనిఫారాలు, కిటికీ గట్టు మీద మందుల డబ్బా, గోడకు ఆనించిన కుట్టుమిషను. ఆ గదిలో అలమర అన్నదే లేదు. కిటికీకి లోపలి నుంచి అల్యూమినియం రేకు అతికించి ఉంది, పగటి వెలుతురు కళ్లలో పడకుండా. మీకు ఏం కావాలని అడిగితే ఆమె ఇల్లు పెద్దదిగా ఉండాలని అనలేదు. “పొద్దున తొమ్మిదింటికి చీకటి కావాలి, ఎవరూ తలుపు కొట్టకూడదు” అంది.

దాంతో పడకగది పెరటి చివరకు, పెద్దింటి వంటగది చప్పుళ్లకు వీలైనంత దూరంగా వెళ్లింది. దాని గోడ సరిహద్దుకు సరిగ్గా 4 అడుగుల దూరంలో ఉంది. 5 అడుగుల లోపు గోడ గంట సేపు మంటకు తట్టుకునేలా కట్టాలి, అందులో కిటికీలు గోడ వైశాల్యంలో పావు వంతు దాటకూడదు. మరోవైపు, అగ్నిప్రమాదం జరిగితే మనిషి బయటపడేందుకు పడకగదికి ఒక పెద్ద కిటికీ తప్పనిసరి: కిటికీ కింది అంచు నేల నుంచి 44 అంగుళాల ఎత్తు మించకూడదు, తెరిచినప్పుడు కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు సందు ఉండాలి, మొత్తం సందు ఎంత ఉండాలో దానికీ విడిగా లెక్క ఉంది. చీకటి కోరేవారి గదికి పెద్ద కిటికీ తప్పదన్నమాట. ఆ కిటికీని సరిహద్దు గోడలో కాక ఉత్తరం వైపు పెట్టి, లోపల పక్కకు జరిగే చెక్క తలుపు అమర్చాను. తలుపు మూస్తే చీకటి, తోస్తే దారి. ఇంటిని చల్లగా, వెచ్చగా ఉంచే హీట్ పంప్ బయటి యంత్రం పడకగది గోడకు ఆనకుండా వంటగది వైపు వెళ్లింది. ఇలాంటివాటికి నిబంధన ఏదీ ఉండదు, ఎవరో ఒకరు తలుచుకోవాలి.

మిగిలిన జాగా అంతా ఒకే గది, వంటగట్టుతో సహా. దానికి చదునైన కప్పు వేయకుండా అంచుల్లో 8 అడుగులు, మధ్యలో 11 అడుగులు వచ్చేలా లేపాను. పైన చిన్న కిటికీ నుంచి వేడి గాలి వెళ్లిపోతుంది, వెలుతురు గోడ మీదుగా జారుతుంది. నేల మీద అంగుళం కూడా ఖర్చవకుండా గది పెద్దదైంది. నిల్వకు మాత్రం నేల ఇచ్చాను, 40 చదరపు అడుగుల దాకా. పడకగదికీ ముందు గదికీ నడుమ గోడ కట్టే బదులు రెండు వైపుల నుంచీ తెరుచుకునే లోతైన అలమరలు పెట్టాను, శబ్దాన్ని కూడా అవి ఆపుతాయి. కింది అర 30 అంగుళాల లోతు, పెద్ద సూట్‌కేసు పడుకోబెట్టవచ్చు. పత్రికల్లో మెరిసే చిన్న ఇళ్ల బొమ్మల్లో సూట్‌కేసు ఎక్కడా కనిపించదు. అద్దె ఇళ్లు మారుతూ బతికే మనిషికి అది అన్నింటికంటే ముఖ్యమైన సామాను. ఆమె దాన్ని మంచం కింద దాచుకునే పని లేకపోతే ఆ ఇల్లు నిజంగా ఇల్లనిపిస్తుందని నా నమ్మకం.

స్నానాల గదిలో గట్టు లేకుండా నేలమట్టంగా స్నానం చేసే చోటు, 34 అంగుళాల తలుపు, గోడల లోపల పట్టుకమ్మీలు బిగించడానికి చెక్క దిమ్మలు పెట్టాం. కమ్మీలు ఇప్పుడు లేవు, ఇంటావిడ మారిన రోజు బిగిస్తే చాలు. 2024 జూలై నుంచి రాష్ట్ర భవన కోడ్ కొత్త ఇళ్లన్నింటికీ ఈ దిమ్మలు తప్పనిసరి చేసింది. గోడ మూశాక ఇదే పని చేయాలంటే ఎంత విరగ్గొట్టాలో తెలిసినవాళ్లు ఆ నిబంధనకు దండం పెడతారు.

వీధి నుంచి చిన్నింటి గుమ్మం దాకా దారి గురించి ఇంటావిడతో కొంత వాదన జరిగింది. ప్రత్యేక దారి వదలమని ఏడీయూకి ఏ నగరమూ అడగకూడదని రాష్ట్ర చట్టం అంటుంది. “చట్టమే వద్దంటే మనకెందుకమ్మా?” అన్నారు ఆమె. రాత్రి పని ముగించుకుని తెల్లవారుజామున వచ్చే మనిషి ఇంటావిడ కిటికీ కింద నుంచి పిల్లిలా నడవాల్సి వస్తే, ఎన్నేళ్లు అద్దె కట్టినా ఆమె ఒకరి పెరట్లో ఉన్నట్టే ఉంటుందని చెప్పాను. చివరికి పక్క సందులో రాళ్లు పరిచిన నడకదారి, కంచెకు వేరే గేటు, వీధి వైపు వేరే ఇంటి నంబరు, వేరే ఉత్తరాల పెట్టె వచ్చాయి. దీపాలు మోకాలి ఎత్తులోనే పెట్టాం, ఎవరి నిద్రా చెడకుండా.

ప్లాను పరిశీలన నేను చెప్పినంత సాఫీగా ఏ ఇంటికీ సాగదు, దీనికీ సాగలేదు. దిద్దుబాట్ల జాబితా వస్తుంది, జవాబులు రాయాలి, మళ్లీ పంపాలి. ఎక్కువ ప్రశ్నలు మంటను తట్టుకునే గోడ మీద, చూరు ఎంత బయటికి రావాలన్నదాని మీద వచ్చాయి. సోలార్ పలకల సంగతి ముందే తేల్చుకున్నాం. 2020 నుంచి కాలిఫోర్నియాలో విడిగా కట్టే కొత్త ఏడీయూలకూ సోలార్ పలకలు పెట్టి తీరాలన్న నియమం వర్తిస్తుంది. అయితే మేము దరఖాస్తు చేసిన 2022 ఇంధన కోడ్ ప్రకారం పెట్టాల్సిన పలకల సామర్థ్యం లెక్క 1.8 కిలోవాట్ల లోపు వస్తే మినహాయింపు ఉంది, మా ఇంటి లెక్క ఆ లోపే వచ్చింది. పెద్దింటి 100 యాంపియర్ల కరెంటు ప్యానెల్‌ను మాత్రం 200కు మార్చక తప్పలేదు. ఇలాంటి ఇల్లు తలపెట్టేవారికి నా సలహా ఒక్కటే: ప్యానెల్ మార్పు దరఖాస్తు ప్లానుతో పాటే పెట్టండి, ఇల్లు పూర్తయ్యాక కరెంటు కోసం ఎదురుచూడటం అద్దె పోగొట్టుకోవడమే.

కట్టడం గురించి ఎక్కువ చెప్పను. పునాది, చెక్క చట్రం, గొట్టాలు, తీగలు, ప్రతి దశలో తనిఖీ. మేస్త్రి మంచివాడు దొరికాడు, గీసింది గీసినట్టు కట్టాడు.

ఇక డబ్బు. రాష్ట్ర గృహ రుణ సంస్థ ఒకప్పుడు ప్లాన్లు, పర్మిట్లు, మట్టి పరీక్షల వంటి తొలి ఖర్చులకు 40,000 డాలర్ల వరకు గ్రాంటు ఇచ్చేది. మేము వెళ్లేసరికి ఆ నిధి అయిపోయింది. ఆమె తన పొదుపు కొంత, ఇంటి మీద రుణం కొంత కలిపి కట్టించారు. అందువల్ల అద్దె ఎంత పెట్టాలన్నది ఆమె ఇష్టం. ఇక్కడే నా మనసులో మాట చెప్పాలి. పెరటి ఇల్లు చిన్నది కాబట్టి దానంతటదే చవక అవుతుందని చాలామంది రాస్తున్నారు. అలా కాదు. మార్కెట్ ఎంత ఇస్తే అంతకు వెళుతుంది, లేదా చుట్టాలు వచ్చినప్పుడు దిగే గదిగా, ఇంటాయన ఆఫీసుగా మిగులుతుంది. ఇళ్ల సంఖ్య పెరగడం మంచిదే, కానీ ఆయా జీతానికి అందాలంటే ఇంకో మెట్టు కావాలి. ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిచ్చి, బదులుగా కొన్నేళ్ల పాటు అద్దెకు హద్దు పెట్టుకోమనాలి. పెరడు ఉండి చేతిలో డబ్బులేని ముసలి దంపతులు ఈ నగరంలో వీధికి నలుగురు ఉంటారు, వాళ్లకు ఇది రెండు విధాలా మేలు.

మా ఇంటావిడ తన రుణ వాయిదా, పన్ను, బీమా కలిపి లెక్క వేసుకుని, దాని మీద కొద్దిగా వేసి అద్దె నిర్ణయించారు. అద్దె సాయం వోచరు ఉన్నవాళ్లు అడిగితే ఏం చేయాలని నన్ను అడిగారు. వోచరు ఉన్నదన్న కారణంతో కాదనడం 2020 నుంచి రాష్ట్రంలో చట్టవిరుద్ధమని చెప్పాను. అది యజమానికి నెలనెలా తప్పకుండా వచ్చే డబ్బు అని కూడా చెప్పాను. చివరికి ఆ ఇంట్లో దిగింది ఆ ఆయానే. కొలతల కోసం నేను చూసొచ్చిన మూడు సూట్‌కేసుల్లో ఒకటి ఖాళీ చేసి ఎవరికో ఇచ్చేసిందట.

నెలలు గడిచాక వెళ్లి ఏం మార్చాలని అడిగాను. స్నానాల గది తలుపు బయటికి తెరుచుకుంటే బాగుండేదని, తడి బట్టలు ఆరేసుకోవడానికి చూరు కింద చోటు చాలడం లేదని చెప్పింది. రెండూ సబబైనవే. చూరును వెనుక వైపు మరో అడుగు పెంచి కొత్త ప్లాను గీశాను.

ఆ ప్లానును ఇప్పుడు నగరం ముందస్తుగా ఆమోదించే ప్రామాణిక ప్లాన్ల పథకానికి సిద్ధం చేస్తున్నాను. లాస్ ఏంజెలెస్ 2021లోనే ఆ పథకం మొదలుపెట్టింది. 2025 జనవరి 1 నాటికి కాలిఫోర్నియాలోని ప్రతి నగరంలోనూ అలాంటిది ఉండాలని చట్టం వచ్చింది. అప్పటికే ఆమోదం ఉన్న ప్లానుతో వస్తే 30 రోజుల్లో తేల్చాలి. నేను చూసిన ప్రామాణిక ప్లాన్లు చాలావరకు స్నానాల గదిని ఒక్కచోటే పెట్టి గీసినవి. గొట్టం లోతు కలిసిరాని పెరట్లో అవి పనికిరావు. అందుకే ఇదే ఇంటిని స్నానాల గది ముందు కుడి మూలలో ఒకటి, ముందు ఎడమ మూలలో ఒకటి, పక్క గోడకు ఆనించి ఒకటి, ఇలా మూడు రకాలుగా గీస్తున్నాను. ప్రతిదాని మొదటి పేజీలోనూ మురుగు గొట్టం ఎంత లోతున ఉంటే ఎంత దూరం వరకు ఈ ప్లాను సరిపోతుందో ఒక పట్టిక ఉంటుంది. ఇంటివాళ్లు ఆర్కిటెక్టును పిలవకముందే మూత తీసి, టేపు వదిలి, తమ పెరటికి ఏది కుదురుతుందో వాళ్లే చూసుకోవచ్చు.